సాంసన్ పెట్టెలోని ఎర్రగుడ్డ

గద్వాలలో ఒక పుకారు తిరుగుతోంది. దాన్ని కళ్లారా చూసినవాళ్లు ఒక్కరూ లేరు, పక్కవాడి చెవిన వేయకుండా ఊరుకున్నవాళ్లూ ఒక్కరూ లేరు. లిఫ్టులు బాగుచేసే సాంసన్ తన పానాల పెట్టెలో, అన్నిటికంటే అడుగున, జోగులాంబకు మొక్కి కట్టిన ముడుపు గుడ్డ ఒకటి దాచుకున్నాడట. మనిషేమో ప్రతి ఆదివారం మానవపాడు చర్చిలో ముందు వరసలో కూర్చునేవాడు. పెట్టె మూత తీస్తే నాలుగు వీధులకు పసుపు వాసన కొడుతుందని ఒకరన్నారు. ఆ గుడ్డ ఉన్నందుకే ఆ పెట్టెకు మూడేళ్లుగా తుప్పు పట్టలేదని ఇంకొకరన్నారు. అలంపురం గుడి వరసలో తెల్లచొక్కా వేసుకుని తల దించుకుని నిలబడ్డ సాంసన్‌ను తన రెండు కళ్లతో చూశానని ఒక సోడాబండి ఆయన ఒట్టు పెట్టాడు. ఆ రోజు తాను రాయచూరులో ఉన్న సంగతి పాపం ఆయనకు గుర్తు లేదు.

సాంసన్‌ది మానవపాడు. అమ్మానాన్నలు ఒకరి చేనులో కలుపు తీసి, ఇంకొకరి చేనులో మిరపకాయలు తెంపి బతికారు. పదిహేడేళ్లకే పుణె పోయి, పన్నెండంతస్తుల బిల్డింగులకు ఇసుకా సిమెంటూ మోసే లిఫ్టుల దగ్గర పనికి కుదిరాడు. పదేళ్ల తర్వాత తిరిగొచ్చేసరికి అతని చేతిలో ఒక విద్య ఉంది. పెద్ద పెద్ద కంపెనీల లిఫ్టులు చూసుకోవడానికి హైదరాబాదు నుంచి మనుషులొస్తారు. కానీ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దుకాణాల్లో మిద్దె మీదికి సామాన్లు ఎక్కించే నాటు లిఫ్టుల్ని ఎవరు చూస్తారు? సాంసనే చూడాలి. మూడు జిల్లాల్లో పదకొండు లిఫ్టులు, వాటి చుట్టూ తిరగడానికి ఒక పాత మోపెడ్డు. ఆ మోపెడ్డు చప్పుడు వీపనగండ్లలో మొదలైతే వనపర్తిలో టీ పెట్టేవారని చెబుతారు.

ఆ నాటు లిఫ్టుల సంగతి కొంచెం చెప్పాలి. మామూలు లిఫ్టులో తాడుకు ఒక కొసన పెట్టె ఉంటే, రెండో కొసన దానికి సరితూగే ఇనుప దిమ్మె ఉంటుంది. అటొకరు ఇటొకరు లాగుతున్నట్టు తాడు ఎప్పుడూ బిగువుగా ఉంటుంది. నాటు లిఫ్టుకు దిమ్మె ఉండదు. మిద్దె మీద ఒక డ్రమ్ము, దానికి చుట్టుకున్న ఇనుప తాడు, ఆ తాడు కొసన పెట్టె, అంతే. అచ్చం బావిలో చేద. దిగుతున్న చేద మధ్యలో బావి గట్టు రాయి మీద కూర్చుందనుకోండి, తాడు వదులైపోతుంది. అది చూసుకోకుండా మనం ఇంకా తాడు వదులుతూ పోతే, రాయి మీంచి జారిన చేద ఒక్క ఉదుటున కిందికి పడుతుంది. తాడు ఆ గుంజుకు తట్టుకుంటే తట్టుకుంటుంది, లేకపోతే లేదు.

అందుకని డ్రమ్ము పక్కన తాడు మీద ఆనుకుని ఒక ఇనుప చెయ్యి ఉంటుంది. మూరెడు కూడా ఉండదు. కొసన చిన్న గిరక, వెనక ఒక స్ప్రింగు. తాడు బిగువుగా ఉన్నంతసేపు ఆ చెయ్యి లేచి ఉంటుంది. తాడు వదులైందా, చెయ్యి వాలిపోతుంది, మోటారు ఆగిపోతుంది. సాంసన్ పనంతా ఆ చేతి చుట్టూనే. దాని స్ప్రింగు చూడటం, గిరకకు గ్రీజు పెట్టడం, తాడును రెండు వేళ్లతో మీటి చెవి ఒగ్గి వినడం. తాడు చప్పుడును బట్టి లోపలున్న మూటల బరువు చెప్పేవాడని అంటారు. జగదీశ్ సేఠ్ పెళ్లి విందుకు పోయొచ్చి లిఫ్టెక్కితే, ఎన్ని బూరెలు తిన్నాడో మిద్దె మీంచే చెప్పాడని కూడా అంటారు.

ఆ జగదీశ్ సేఠ్‌కు గద్వాలలో మూడంతస్తుల చీరల దుకాణం. పై అంతస్తులో చీరల మూటలు, కింద అమ్మకం. మూటలు ఎత్తి దింపే హమాలీ చిన్నయ్య. ఇతనిదీ మానవపాడే, పుణెలో సాంసన్‌తో ఒకే రేకుల గదిలో ఉన్నవాడు. చిన్నయ్య భార్య బాలనాగమ్మది కోడేరు. ఆమె అదే దుకాణంలో ఊడ్చి తుడిచేది. పెళ్లయి వచ్చిన మొదటి వారమే సాంసన్‌ను అన్నా అని పిలిచింది. ఆ రోజు నుంచి చిన్నయ్యకు సాంసన్ బావ అయిపోయాడు. బావ అయ్యాక ఇక ఎగతాళికి హద్దేముంటుంది?

సాంసన్ మిద్దె మీద రేకుల గదిలో తాడును మీటుతుంటే చిన్నయ్య గడపలో కూర్చుని మొదలుపెట్టేవాడు.

“ఏంది బావా, సితారు వాయిస్తుండవా? జర పాట గూడ పాడు, సేఠ్ బక్షీసు ఇస్తడు.”

“నీ పాణం ఈ తాడు మీద ఉన్నది, నవ్వకు.”

“నా పాణం నాగి చేతిల ఉన్నది. కావాల్నంటే దాన్నడుగు.”

అప్పుడే బాలనాగమ్మ సద్దిగిన్నె పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. చెమట తుడుచుకుంటూ ఆ యంత్రాన్ని ఎగాదిగా చూసింది.

“అన్నా, మనుషులు ఎక్కొద్దని రాసిన్రు గదా. ఈయన దినం ఎక్కుతడు. ఏమన్న అయితేనో?”

“ఎక్కొద్దనే నేను చెప్పుడు. వింటడా?” అని సాంసన్ ఇనుప చేతిని వేలితో చూపించాడు. “గిదున్నది చూడు చెల్లె. తాడు వదులైతే ఇది వాలి మోటరు బంజేస్తది. నీ పెనిమిటిని కాపాడేది నేను గాదు, సేఠ్ గాదు. ఈ చెయ్యి.”

ఆమె ఆ చేతిని చాలాసేపు చూసింది. గ్రీజు అంటుతుందని తెలిసినా ఒక్కసారి ముట్టుకుని, ఆ వేళ్లు కళ్లకు అద్దుకుంది. చిన్నయ్య నవ్వాడు. సాంసన్ కూడా నవ్వాడు. ఆ నవ్వు తలచుకుని తర్వాత సాంసన్ ఎంత ఏడ్చినా దుఃఖం తరగలేదు.

దసరాకు దుకాణంలో ఆయుధపూజ చేశారు. కత్తెరలు, కొలత బద్దలు, కంప్యూటరు, అన్నిటికీ బొట్లు పెట్టారు. సేఠ్ తల్లి కుంకుమ పళ్లెంతో మిద్దె దాకా ఎక్కి డ్రమ్ముకు నిమ్మకాయలు కట్టించింది. అందరూ దిగిపోయాక బాలనాగమ్మ ఒక్కతే వెనక్కి వెళ్లింది. తన పెళ్లినాటి ఎర్ర రవికె గుడ్డ, పచ్చ అంచుది, దాంట్లో పసుపుకొమ్ము, రూపాయి బిళ్ల, గుప్పెడు బియ్యం పెట్టి ముడుపు కట్టింది. కార్తీక పున్నమి దాకా తన మనిషిని చల్లగా చూస్తే అలంపురం వచ్చి ముడుపు చెల్లిస్తానని అమ్మవారికి మొక్కుకుంది. మరి కట్టడం ఎక్కడ? తన మనిషిని కాపాడేది ఏదో అన్న చెప్పాడు కదా, దానికే. ఇనుప చేతికి, పక్కన ఉన్న చట్రానికి కలిపి, ఊడిపోకుండా ఐదు ముళ్లు వేసింది.

పది రోజులకు సాంసన్ వచ్చి చూశాడు. ఇనుప చేతిని కిందికి లాగాడు. అరంగుళం కదిలి ఆగిపోయింది. గుడ్డ పట్టుకుంది.

“ఏందిది చిన్నయ్యా?”

“నాగి ముడుపు బావా. ముట్టకు. పున్నమికి అలంపురం పోయి ఇప్పుతం.”

“చెయ్యి వాలుతలేదు. తాడు వదులైతే మోటరు ఆగది.”

“ఇన్నేండ్ల నుంచి ఎన్నిసార్లు వదులైంది? నెల గూడ లేదు పున్నమి. మధ్యల ఇప్పితే అది అన్నం తినది బావా. నీకు తెల్వదు దాని సంగతి.”

సాంసన్ జేబులోంచి కటింగ్ ప్లేయరు తీశాడు. మళ్లీ లోపల పెట్టాడు. పోయిన దసరాకు బెల్టులో ఇరుక్కున్న నిమ్మకాయ ఒకటి తీసి పక్కన పెడితే, సేఠ్ తల్లి దుకాణం దద్దరిల్లేలా అరిచింది. మా పూజలు నీకు గిట్టకపోతే మా మెట్లెక్కొద్దు అంది. అప్పుడు తల దించుకుని నిలబడ్డవాడు ఇప్పుడు వేరే దేవుడి ముడుపు తెంపుతాడా? అందులోనూ చెల్లె కట్టింది. తెంపాక ఏదైనా జరిగితే, సాంసన్ తెంపినందుకే అంటారు.

“సరే. పున్నమి తెల్లారి నేనే వచ్చి ఇప్పిస్త. అప్పటి దాక నువ్వు ఎక్కొద్దు. మూటలు లిఫ్టుల పంపు, నువ్వు మెట్ల మీద దిగు. ఒట్టు పెట్టు.”

“నాగి మీద ఒట్టు.”

చిన్నయ్య ఒట్టు నిలబెట్టుకున్నాడు. ఇరవైమూడు రోజులు మెట్లే ఎక్కాడు, మెట్లే దిగాడు. మోకాళ్లు గుమ్మడికాయల్లా వాచాయి. పున్నమి ఇంకా రెండు రోజులుందనగా ఐజ వైపు నుంచి ఒక పెళ్లివాళ్లు దిగారు. అరవై మంది అంటారు కొందరు, దుకాణంలో బిల్లులు రాసే ఉమారాణి మాత్రం పద్నాలుగు మంది అంటుంది. కౌంటరులో ఆమే ఉంది కాబట్టి ఆమె మాటే నమ్మాలి. పెళ్లికూతురు చూసిన చీర మూట పైనుంది. సేఠ్ కింది నుంచి కేకేశాడు.

“చిన్నయ్యా, జల్ది. ముహూర్తం అయిపోతది, నువ్వు మెట్లు లెక్కపెడుతుండవు.”

చిన్నయ్య పై అంతస్తులో మూటతో పాటు లిఫ్టెక్కాడు.

రెండో అంతస్తు దగ్గర గోనెమూట కొస బయటికి పొడుచుకొచ్చి గడప మీద ఆనుకుంది. పెట్టె ఆగింది. పైన మోటారు ఆగలేదు. తాడు వదులవుతూ, వదులవుతూ పెట్టె నెత్తిన చుట్టలుగా పడుతోంది. లోపలున్నవాడికి అది కనపడదు. మోటారు తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది, పెట్టె మాత్రం దిగడం లేదు. మూటే అడ్డమని చూసి, వాచిన కాలితో దాన్ని ఒక్క తన్ను తన్నాడు.

సాంసన్ అప్పుడు వనపర్తిలో ఉన్నాడు. ఉమారాణి ఫోన్ చేసి “అన్నా, తాడు తెగింది” అంది. వనపర్తి నుంచి గద్వాలకు ఆ మోపెడ్డు మీద ఎలా వచ్చాడో అతనికే తెలియదు. వచ్చేసరికి చిన్నయ్యను దవాఖానకు తీసుకుపోయారు. ప్రాణం దారిలోనే పోయిందని దుకాణం ముందు నిలబడ్డ జనమే చెప్పారు. సాంసన్ దవాఖానకు పోలేదు. నేరుగా మిద్దె ఎక్కాడు. తాళంచెవి ఉమారాణి దగ్గరుంది కాబట్టి ఆమె కూడా వెంట ఎక్కి, గడప దగ్గరే ఆగిపోయింది.

ఇనుప చెయ్యి ఎప్పటిలాగే లేచి ఉంది. దాని కింద తాడు లేదు. గుడ్డ ముళ్లు ఒక్కటీ సడలలేదు, బాలనాగమ్మ అంత గట్టిగా వేసింది. సాంసన్ దాని ముందు కూలబడ్డాడు. కింద వీధిలో ఆమె ఏడుపు వినపడుతోంది. దవాఖాన నుంచి తెచ్చి దుకాణం మెట్ల మీద కూర్చోబెట్టినట్టున్నారు. “అమ్మా జోగులమ్మా, నీకు ముడుపు కట్టినా గదనే, నా ముడుపు యాడ పెట్టుకున్నవే” అంటోంది.

ఇంకాసేపట్లో ఎస్సై వస్తాడు. పైకెక్కుతాడు. ఇది ఎవరు కట్టారని అడుగుతాడు.

సాంసన్ ప్లేయరు తీసి గుడ్డను కత్తిరించాడు. పసుపుకొమ్ము, బిళ్ల, బియ్యపు గింజలు ఒక్కటొక్కటే ఏరి గుడ్డలో మూటగట్టి, పెట్టె అడుగున పానాల కింద పెట్టాడు. వెనక్కి తిరిగితే ఉమారాణి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె తల దించుకుని మెట్లు దిగిపోయింది.

ఎస్సై రాసుకుంటుంటే సాంసన్ చెప్పాడు. “స్ప్రింగు పోయింది సార్. చెయ్యి పడుతలేదు. పోయినసారి వచ్చినప్పుడే చూసిన. చేస్త చేస్త అని ఇడిసిపెట్టిన. తప్పు నాదే.” అందులో స్ప్రింగు మాట ఒక్కటే అబద్ధం. మిగిలినదంతా నిజమే. అందుకే అంత తొణకకుండా చెప్పగలిగాడు. జగదీశ్ సేఠ్ గుండెలోంచి వెలువడిన నిట్టూర్పుకు రెండు వరసల చీరలు కదిలాయంటారు.

మానవపాడులో చిన్నయ్యను మట్టి చేసిన రోజు సాంసన్ దూరంగా తుమ్మచెట్టు దగ్గర నిలబడ్డాడు. బాలనాగమ్మ చూసింది. ఆడవాళ్లు పట్టుకుంటున్నా విడిపించుకుని వచ్చి, రెండు చేతులా మన్ను ఎత్తి అతని ముఖాన పోసింది.

“అన్నా అని పిలిచిన గదరా నిన్ను. చెడిపోయింది చూసి గూడ పోయినవా? నీ చేతులు ఇరగ. నీ ఇంట్ల దీపం ఆరిపోను.”

సాంసన్ ముఖం తుడుచుకోలేదు. ఆ మన్నుతోనే ఇంటికి పోయాడు. అతని భార్య వసంత నీళ్లు తోడి, ముఖం కడిగి, అడిగింది.

“నువ్వు చూసి ఇడిసిపెట్టే మనిషివి గాదు. నాకన్న చెప్పు, ఏమైంది?”

“ఎస్సైకి చెప్పిన గదా. అదే.”

వసంత మళ్లీ అడగలేదు. కానీ ఆ రోజు నుంచి అతని పెట్టెను తుడవడం మానేసింది.

సాంసన్ పదహారు రోజులు జైల్లో ఉన్నాడు, తర్వాత కోర్టు వాయిదాలకు తిరిగాడు. గద్వాలలో నాలుగు లిఫ్టులు పోయాయి. వనపర్తిలో ఐదు పోయాయి. మనిషిని చంపిన మెకానిక్ అని ఒక దుకాణంవాడు చాయ్ కూడా పోయనివ్వలేదు. మిగిలినవి నాగర్‌కర్నూల్‌లో రెండు. చర్చిలో ముందు వరస వదిలి చివరి వరసకు మారాడు. తర్వాత అక్కడ కూడా కనపడలేదు. పున్నమి దాటాక నెల లోపలే ఒక మంగళవారం అలంపురంలో ఎవరో ఒక మనిషి, పసుపుకొమ్మునూ రూపాయి బిళ్లనూ హుండీలో వేసి, దండం ఎలా పెట్టాలో తెలియనట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడని అంటారు. ఎవరో.

ఉమారాణి తను చూసిన సంగతి రెండేళ్లు కడుపులో పెట్టుకుంది. మూడో ఏడు ఒక్కరికే, తనతో పాటు కౌంటరులో కూర్చునే గీతకే, ఒట్టు వేయించుకుని చెప్పింది. గీత కూడా ఒక్కరికే చెప్పింది. అలా ఒక్కొక్కరే ఒక్కొక్కరికి చెప్పుకుంటూ పోతే ఆ మాట కృష్ణ దాటి, వనపర్తి దాటి, కోడేరు చేరడానికి ఎన్నాళ్లు పడుతుంది? బాలనాగమ్మ అక్కడ పుట్టింట్లో ఉంటూ పత్తి ఏరుతోంది. ఒకరోజు సాలు మధ్యలో ఎవరో ఆ మాట అనేశారు. ఆమె ఒడిలో పత్తి అలాగే వదిలేసి, నడుచుకుంటూ రోడ్డెక్కి, నాగర్‌కర్నూల్ బస్సెక్కింది.

సాంసన్ ఒక పైపుల దుకాణం మిద్దె మీద తాడుకు గ్రీజు పెడుతున్నాడు.

“సాంసన్నా.”

తిరిగి చూశాడు. మూడేళ్లలో ముప్పై ఏళ్లు మీద పడ్డాయి ఆమెకు. కొంగుకు ఇంకా పత్తి అంటుకుని ఉంది.

“కూసో చెల్లె. నీళ్లు తెప్పిస్త.”

“నీళ్లు వద్దు. ఒక్క మాట అడిగి పోత. నా ముడుపు వల్లనే ఆ చెయ్యి వాలలేదంట గదా.”

సాంసన్ వేలికున్న గ్రీజును మళ్లీ తాడుకే రాశాడు.

“నిజమైతే చెప్పన్నా. నీ మొకాన మన్ను పోసిన. నీ దీపం ఆరాలన్న. చంపింది నేనే అయితే గా మన్ను నాకు పోసుకుంట. ఎట్ల బతకాల్నో తెల్వదు గాని, నిజం చెప్పు.”

ఇనుప తాడు తెగేముందు లోపల ఒక్కో పోగు తెగుతుంది. బయటికి కనపడదు, చప్పుడొక్కటే వస్తుంది. మూడు జిల్లాల్లో ఆ చప్పుడు పట్టగలిగిన చెవి సాంసన్‌దే. ఇప్పుడు అది ఆమె గొంతులో వినపడింది.

“ఎవడు చెప్పిండు నీకు?”

“అందరు చెప్తుండ్రు. నీ పెట్టెల ఉన్నదంట నా గుడ్డ. పెట్టె తియ్యి.”

ఆమె కళ్లు పెట్టె మీద నుంచి కదల్లేదు. సాంసన్ వంగి మూత తీశాడు. పానాలు ఒక్కొక్కటే బయట పెట్టాడు. గ్రీజు డబ్బా, ప్లేయరు, పాత గిరకలు. అన్నిటికంటే అడుగున నాలుగు మడతలుగా ఎర్రగుడ్డ ఉంది. పండక్కి తీసిన బట్టలా ఉతికి, ఆరేసి, మడత పెట్టి ఉంది. పచ్చ అంచు.

బాలనాగమ్మ చెయ్యి చాచింది. ఆ చెయ్యి చేరేలోపల సాంసన్ గుడ్డను అందుకున్నాడు. మడతలు దులిపి, తన రెండు అరచేతుల గ్రీజూ దానికి తుడిచాడు. చేతుల వెనక తుడిచాడు, వేళ్ల సందుల్లో తుడిచాడు. తర్వాత నల్లగా కారుతున్న తాడును పట్టుకుని, ఎర్ర రంగు ఎక్కడా కనపడకుండా పోయేదాకా పై నుంచి కింది దాకా తుడిచాడు.

“వేస్టు గుడ్డ చెల్లె ఇది. హార్డువేరు దుకాణంల కిలోల లెక్క అమ్ముతరు.”

“పచ్చ అంచుండె.”

“వాటిల అన్ని రంగులుంటయి.”

“ఉమారాణి చూసిందంట నువ్వు కత్తిరించంగ.”

“ఉమారాణి నా ఈపు చూసింది. కరెంటు వైరు కత్తిరించిన, గుడ్డ అనుకున్నదేమో.”

“మరి నా ముడుపు?”

“దాన్ని దసరా అయిన పది దినాలకే ఇప్పి కిటికి ఊచకు కట్టిన. అమ్మోరికి కోపం రావొద్దని నీ లెక్కనే ఐదు ముళ్లు ఏసిన. అంత అయినంక కృష్ణల ఇడిసిన. చేతికి ఏం అడ్డం లేకుండె చెల్లె. స్ప్రింగు పోయింది, నేను చూసి ఇడిసిపెట్టిన. మన్ను పోసినవు, మంచిగనే చేసినవు. గద్వాలోళ్లకు పని లేదు. వాళ్లు చెప్పేదాంట్ల ఒక్క ముక్క గూడ నిజం లేదు.”